నడుమెత్తు బల్ల

"గా మిషన్ ఇయ్యాల పొద్దుమూకే లోపట ఇంట్ల నుంచి పోవాలె. అది పోకుంటే నేను పోత. రెండిట్ల ఏదో ఒకటి తేల్చుకో."

అనసూర్య షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. లోపలివాడు బయటికి రావాలన్నా, బయటివాడు లోపలికి పోవాలన్నా ఆమెను దాటాల్సిందే. షెడ్డు తాళంచెవిని కొంగు కొసకు ముడివేసి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుంది. పొద్దున ఏడింటి నుంచి ఇదే కూర్చోవడం. పొయ్యి సంగతి కోడలు చూసుకుంటోంది.

లోపల కుమార్ తల ఎత్తలేదు. సొరుగు పక్క చెక్కకు గమ్ము రాస్తున్నాడు.

"నిన్నే. చెవులు మస్కట్లనే ఇడిసిపెట్టి వచ్చినవా?"

"ఇంటున్న అవ్వా. బల్ల అయిపోవచ్చింది. ఇంక రెండు సొరుగులే."

"మీ బాపు కాలు పోయినంక బల్ల ఎవనికిరా?"

"కాలు పోలేదవ్వా. రెండు వేళ్లు."

అనకూడని మాట. అన్నాక గానీ కుమార్‌కు తెలియలేదు. గమ్ము డబ్బా మీద మూత పెట్టాడు, మళ్లీ తీశాడు.

"రెండు వేళ్లేనా," అంది అనసూర్య నెమ్మదిగా. "గా రెండు వేళ్లతోటే నిన్ను సాదిండురా. నీ బడి, నీ పాసుపోర్టు, నీ పెండ్లి, అన్నీ గా రెండు వేళ్ల కింద అదిమిపట్టిన కట్టెల నుంచే వచ్చినయ్."

ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. సుల్తానాబాద్‌లో వడ్ల సిద్దిరాములు నలభై ఏళ్లుగా నేలమీద కూర్చునే వడ్రంగి పని చేశాడు. చిన్న పీట, ముందు కట్టె, కట్టె మీద ఎడమ పాదం. బొటనవేలూ దాని పక్కవేలూ కలిపి పట్టాడంటే కట్టె ఇటు అటు కదిలేది కాదు. రెండు చేతులూ పనిలో ఉంటాయి, పట్టు మాత్రం కాలిది. వాళ్ల నాయనా అట్లాగే చేశాడు, తాతా అట్లాగే చేశాడు.

ఆ రెండు వేళ్లూ పదమూడు రోజుల కింద ఇదే షెడ్డులో తెగిపోయాయి. కొడుకు మస్కట్ నుంచి తెచ్చిన మైటర్ మిషన్ నేలమీద ఉంది. పిడి పట్టి కిందికి వంచితే గుండ్రటి బ్లేడు దిగి, కట్టెను ఏ మూలకు కావాలంటే ఆ మూలకు కోసే మిషన్ అది. సిద్దిరాములు ఒక కోత కోసి, పిడి పైకి వదిలాడు. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. అలవాటు కొద్దీ కట్టెను కాలితో ముందుకు జరిపాడు.

కరీంనగర్ దవాఖానలో తొమ్మిది రోజులు ఉంచారు. ఇంటికి తెచ్చి ఇది నాలుగో రోజు. వరండాలో మంచం మీద పడుకున్న మనిషి భార్యతో మాట్లాడతాడు, కోడలితో మాట్లాడతాడు, చూడవచ్చిన వాళ్లతో నవ్వుతాడు కూడా. కొడుకుతో మాత్రం పదమూడు రోజుల్లో ఒక్క మాట లేదు. కుమార్ గోలీలు ఇస్తే చెయ్యి చాస్తాడు, వేసుకుంటాడు, మొహం గోడ వైపు తిప్పుకుంటాడు.

"బాపు కోసమే చేస్తున్న అవ్వా ఈ బల్ల," అన్నాడు కుమార్. "మిషన్ కింద ఉండవట్టే గట్లయింది. నడుమెత్తుల ఉంటే కాలు దాని దగ్గరికే పోదు."

"గంత తెలివి ముందుగాల ఎటు పోయింది? ఎనిమిది నెలలాయె నువ్వు వచ్చి. ఎనిమిది నెలలు గది నేలమీదనే ఉండె గదా?"

దీనికి కుమార్ దగ్గర జవాబు ఉంది. బాపు కింద కూర్చుంటాడు కాబట్టి కింద పెట్టాడు. నిలబడి పనిచెయ్యి బాపూ అంటే, నిలబడి చేసేది కూలి పని, కూర్చుని చేసేది వడ్ల పని అని సిద్దిరాములు కసురుకున్నాడు. సరే, ఆయన మాట ఎందుకు తీసెయ్యాలని ఊరుకున్నాడు. ఈ మాట ఇప్పుడు చెబితే నెపం తండ్రి మీదికి నెట్టినట్టుంటుందని నోరు మూసుకున్నాడు.

నోరు మూసుకోవడం ఈ మధ్య బాగా అలవాటైంది కుమార్‌కు.

"ఆనాడు ఆటోల మీ బాపు కాలు నా ఒళ్లె పెట్టుకోని పోయిన," అంది అనసూర్య. కళ్లలో తడి లేదు. "నా చీరె మొత్తం తడిసిపోయింది. నువ్వు ఎనుకనే వస్తవనుకున్న. అద్దగంట దాటినంక వచ్చినవ్. ఎందుకాగినవ్రా అంటే షెడ్డుకు తాళం ఏసి వచ్చిన అంటివి. తాళం ఏసుటానికి అద్దగంటనారా?"

కుమార్ గునియా తీసి సొరుగు మూల సరిచూసుకున్నాడు. మూల సరిగ్గానే ఉంది. రెండోసారి చూశాడు.

వరండాలో నుంచి సిద్దిరాములు దగ్గు వినిపించింది. "అనసూర్యా, జర నీళ్లు."

ఆమె లేచింది. పోతూ పోతూ తిరిగి చూసింది. "పొద్దుమూకే లోపట," అంది మళ్లీ. తాళంచెవి ఆమెతోనే పోయింది.

*

నవ్యశ్రీ చాయ్ గ్లాసుతో వచ్చింది. పెళ్లయి మూడేళ్లు. అందులో మొగుడు కళ్లెదుట ఉన్నది ఈ ఎనిమిది నెలలూ, అంతకు ముందు సెలవులో వచ్చిన నలభై రోజులూ. అందుకే ఏమో, అతని మొహం చదవడం ఆమె ఇంకా నేర్చుకుంటూనే ఉంది. ఇవాళ చదవాల్సిన పని లేకపోయింది.

గ్లాసు బల్ల మీద పెట్టి, రెండో చేతి పిడికిలి విప్పింది.

"ఇదేంది?"

జానెడు ఇనుప తీగె. రెండు చుట్లు చుట్టిన వంపు అలాగే ఉంది. ఒక చోట తెంపిన కొస పదునుగా ఉంది. తీగె మీద అక్కడక్కడ ఏదో నల్లగా ఎండిపోయి ఉంది.

"బైండింగ్ తీగె," అన్నాడు కుమార్.

"గది నాకు తెల్వదా. దవాఖాన కాడికెల్లి తెచ్చిన బట్టల మూట ఇయ్యాల విప్పిన. నీ పాయింటు జేబుల ఉన్నది. నెత్తురు అంటుకోని ఉన్నది. మామ నెత్తురేనా?"

అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"మిషన్‌దా ఇది?"

బ్లేడు మీద ఒక మూత ఉంటుంది. పిడి కిందికి వంచితే తెరుచుకుంటుంది, వదిలితే తనంతట తానే మూసుకుంటుంది. పొట్టు పేరుకుని ఆ మూత ఇరుక్కుంటుంది. సన్నని పట్టీలు కోసేటప్పుడు గీత కనిపించదు. మస్కట్ కార్ఖానాలో అయితే దాన్ని పైకి కట్టేసి పెట్టని మిషన్ ఒక్కటీ ఉండేది కాదు. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే విప్పేవాళ్లు, పోగానే కట్టేవాళ్లు. కుమార్ ఇదంతా ఆమెకు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. చెప్పినకొద్దీ ఆ కార్ఖానా గురించి ఎక్కువా, ఈ షెడ్డు గురించి తక్కువా చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది.

"గదంత సరే. ఈడ కట్టిందెవరు?"

"నేనే. ముందు రోజు కిటికీ పట్టీలు కోసిన. అప్పుడు కట్టిన. విప్పుడు మరిసిన."

"విప్పుడు మరిసినవ్ గాని తెంపుడు మరువలేదు నువ్వు."

కుమార్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ రోజు ఆటో మూల తిరగ్గానే షెడ్డులోకి వచ్చాడు. తీగె తెంపడానికి నిమిషం కూడా పట్టలేదు. మూత టప్పున కిందికి జారింది. ఆ చప్పుడు విని అక్కడే నెత్తురు మడుగు పక్కన చతికిలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. కాసేపు ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే తీగెను జేబులో పెట్టుకున్నాడు.

"అత్తమ్మ వచ్చినోళ్లకల్ల ఏం చెప్తుందో ఇంటున్నవా?" అంది నవ్యశ్రీ. "ముసలాయినకు మిషన్ తెల్వది, రంపం అనుకోని కాలు పెట్టిండు అంటుంది. పాపం ఆమెకేం తెల్సు. మామ మంచంల పండుకోని అన్నీ ఇంటుండు. ఒక్క మాట ఎదురు చెప్తలేడు. గా మాటలు ఇనుకుంట నువ్వు అన్నం ఎట్ల తింటున్నవో నాకు సమజైతలేదు."

"తింటలేను నవ్యా."

"నిన్న రెండుసార్లు పెట్టిచ్చుకున్నవ్."

అతనికి కోపం వచ్చింది. తప్పు తనదైనప్పుడు వచ్చే కోపం, ఎటు పోవాలో తెలియనిది. "చెప్తే ఏమైతది? వేళ్లు మల్ల వస్తయా? చెప్తే బాపు ఇగ నా మొకం చూస్తడా?"

"ఇప్పుడు చూస్తుండా?"

బయట ఎవరిదో కోడి వచ్చి రందపొట్టులో కాళ్లతో కెలికింది. ఇద్దరూ దాన్ని చూశారు.

నవ్యశ్రీ వంగి, అప్పుడే బిగించిన పైసొరుగు లాగింది. కొత్త చెక్క, జారుగా వచ్చింది. తీగెను అందులో పెట్టి మూసేసింది.

"నువ్వు చేసిన సొరుగే. దీంట్లనే ఉంటది. నేనైతే చెప్ప. నా నోటితోని చెప్తే అది చాడి అయితది. నువ్వే చెప్పాలె. చెప్పేదాంక నీ పక్కకు కూసోని తినుడు నాతోని కాదు."

చాయ్ చల్లారిపోయింది. కుమార్ మిషన్ను రెండు చేతులా ఎత్తి బల్ల మీద నడుమ చేసిన గుంటలో కూర్చోబెట్టాడు. సరిగ్గా పట్టింది. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. పని మాత్రం అతనికి బాగా వచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి.

*

మూడింటికి బాలమల్లు వచ్చాడు. పక్క ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. సిద్దిరాములు వేళ్లు తెగిన నాడు కోస్తున్నది ఆయన ఇంటి దర్వాజ చట్రానికి కట్టెనే. సొంత పొలంలో పెంచిన టేకు. చేతిసంచిలో ఏదో బరువుగా ఉంది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, సంచిని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఎట్లున్నది సిద్దన్నా?"

"ఉన్నది. సలుపుతుంది. రాత్రిళ్లు లేని వేళ్లు గూడ నొస్తున్నయ్ బాలమల్లు, విచిత్రం."

"గట్లనే ఉంటదట. మా బామ్మర్దికి చెయ్యి పోతే గట్లనే అన్నడు."

అనసూర్య గడప మీద కూర్చుంది. "కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న అన్నా. ఈయన నడిస్తే చాలు, మెట్లెక్కి వస్త. ఏం జేద్దాం, మిషన్ తెల్వని మనిషి. రంపం అనుకున్నడు."

సిద్దిరాములు దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. కుమార్ స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నవ్యశ్రీ అందరికీ చాయ్ పోస్తోంది.

బాలమల్లు రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సిద్దన్నా, నా నోట రావొద్దు గాని. గురువారం దర్వాజ ఎత్తాలె. అయ్యగారు దినం చూసిండు. గది దాటితే మల్ల రెండు నెలల దాక లేదంటుండు."

"ఎత్తు. మూడు కట్టెలు తయ్యారే ఉన్నయ్. ఒక్కటే కావాలె."

"గా ఒక్కటి కొత్తది పంపిస్త. నెత్తురు పడ్డది మాకు వద్దని మొన్ననే కబురు చేసిన గదా." బాలమల్లు ఆగాడు. "ఇంకోటి. మా అవ్వ ఒక్కటే పట్టు పడుతుంది. కోతపడ్డ మనిషి కొత్త దర్వాజకు పసుపు పెట్టొద్దంటుంది. నేను చెప్పిచూసిన అన్నా. ముసల్ది ఇంటలేదు. కొత్తిల్లు, ఆమె మనసుల శంక ఉంటే ఎట్ల అని."

దర్వాజ లేపే రోజున వడ్లాయన చెయ్యి ముందు పడాలి. ఆయన పసుపు పెట్టి, మామిడాకు కట్టి, ఊఁ అంటేనే నలుగురూ పట్టి ఎత్తుతారు. కొత్త తువ్వాల ఆయన భుజం మీద వేస్తారు. ఆ పూట ఇంటి యజమాని కూడా ఆయన తర్వాతే.

సిద్దిరాములు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. "మీ బాపు ఇంటి దర్వాజ ఎవరు ఎత్తిన్రు బాలమల్లు?"

"నువ్వే అన్నా."

"మీ పెద్దన్నది?"

"నువ్వే."

"గంతే. యాదికుందో లేదోనని అడిగిన."

బాలమల్లు తల వంచుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కబురు పంపి ఊరుకునేవాడు, ఇంత దూరం వచ్చి ఈ మొహం ఎదుట కూర్చునేవాడు కాదు. సంచిలో నుంచి కొబ్బరికాయ తీశాడు. ఆకు వక్క తీశాడు. లేచి నిలబడి, మంచం దాటి, స్తంభం దగ్గరికి నడిచాడు.

"పని మీ ఇంట్ల నుంచి బయటికి పోనియ్య అన్నా, గంత నీతి తప్పినోన్ని కాదు. కుమారే చేస్తడు. కుమారే ఎత్తుతడు. మస్కట్ల నేర్చుకొచ్చిండు, మిషన్ తెల్సినోడు. మీ బాపుకు పాపం తెల్వక గట్లయింది, నువ్వు జాగ్రత్తగ చెయ్యి కొడుకా. ఇంద."

తమలపాకులు కుమార్ మొహం ముందు ఉన్నాయి. వాటి మీద నీళ్ల చుక్కలు ఇంకా ఆరలేదు.

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా మంచి సమయం ఇంకొకటి రాదు. నాలుగు మాటలు చాలు. కాకా, బాపుకు తెల్వక కాదు, నేను కట్టిన తీగె వల్ల అయింది అంటే చాలు. ఆ నాలుగు మాటలూ కుమార్ నాలుక మీదికి వచ్చాయి, నిజంగానే వచ్చాయి.

"తీస్కోరా, నిలబడ్డవేంది," అంది అనసూర్య. పొద్దున్నుంచి మిషన్ ఇంట్లో ఉండొద్దని పట్టుబట్టిన మనిషి ఈమేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆమె భయం ఆమెది. ఈ ఇంటి చేతిలో నుంచి ఒక్క దర్వాజ పోతే, దాని వెనక ఇంకొకటి పోతుందని ఆమెకు తెలుసు. "ఊకె నిలబెట్టొద్దు. కాకకు చెయ్యి నొస్తుంది."

కుమార్ తండ్రి వైపు చూశాడు. సిద్దిరాములు ఈసారి మొహం గోడకు తిప్పుకోలేదు. కొడుకు వైపే చూస్తున్నాడు. ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి.

ఆ చూపు చూసి కుమార్ ఏమనుకున్నాడో. బాపు తీసుకొమ్మంటున్నాడనుకున్నాడా, లేక అలా అనుకోవడం సులువనిపించిందా. రెండు చేతులూ చాచి ఆకు వక్క తీసుకున్నాడు.

చాయ్ గిన్నె గట్టిగా కింద పెట్టి నవ్యశ్రీ లోపలికి వెళ్లిపోయింది.

*

బాలమల్లు బండి చప్పుడు సందు చివరికి పోయాక సిద్దిరాములు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నవ్యా. గా కర్రలు అందియ్యి బిడ్డా."

"యాడికి?" అంది అనసూర్య. "ఎండలకు పోయి ఏం జేస్తవ్?"

"బల్ల చూస్త. నువ్వు రాకు. నువ్వు వస్తే మాట్లాడుతవ్."

చంకల్లో కర్రలు పెట్టుకుని, కట్టు కట్టిన పాదం గాలిలో ఉంచి, పెరడు దాటడానికి చాలాసేపు పట్టింది. కుమార్ పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. షెడ్డు గడప దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేలమీద తన పీట ఉండే చోటు చూశాడు. కడిగారు, అయినా సిమెంటులోకి ఇంకిన రంగు పోలేదు.

బల్ల గోడ పొడవునా ఉంది. నడుమ మిషన్. దానికి అటూ ఇటూ రెండు రెక్కలు, ఎంత పొడుగు కట్టెనైనా పడుకోబెట్టడానికి. ఇక ఏ కట్టెనూ ఎవరూ కాలితో పట్టుకోనక్కర్లేదు. కింద సొరుగులు, సొరుగుల పక్కన తలుపు లేని అరలు.

"ఎత్తెంత?" అన్నాడు సిద్దిరాములు.

కుమార్ గబుక్కున తిరిగాడు. తండ్రి తనతో మాట్లాడాడు. "ముప్పై రెండు ఇంచులు బాపు."

"నీ నడుముకు తక్కువ గదా."

"నాకు కాదు. నీకు."

"నన్ను కొలవలేదు నువ్వు."

"దవాఖానల నీ ఎత్తుకు సరిచేసి ఇచ్చిన్రు గదా ఈ కర్రలు. నువ్వు చేత్తోని పట్టుకునే కాడికి కొలిచిన. నువ్వు పండుకున్నప్పుడు."

సిద్దిరాములు కర్ర పిడినీ, బల్ల అంచునూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఊఁ అన్నాడు. మెచ్చుకోలో కాదో తెలియలేదు. ఒక అరలోకి వంగి చూశాడు. తన ఉలులకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గాడి చేసి ఉంది. కట్టెను నున్నగా చేసే చిన్న రంద, పెద్ద రంద. తన తండ్రి చేతి నుంచి వచ్చిన బాడిస ఒక మేకుకు వేలాడుతోంది.

"బాడిస పిడి కొడుతది ఈడ. ఇంకో ఇంచు కిందికి పెట్టాలె."

"పెడుత బాపు. ఇప్పుడే పెడుత."

కుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి తప్పులు ఎంచుతున్నాడంటే పనిలోకి వచ్చినట్టే. ఈ ఒక్క మాట కోసమే ఇన్ని రోజులు చెక్కలు కోశాడు. అయిపోయింది, గండం గడిచిపోయింది, ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అనిపించింది ఒక్క క్షణం. ఎంత హాయిగా అనిపించిందంటే, తర్వాత ఆ హాయికే అతను ఎక్కువ సిగ్గుపడ్డాడు.

మిషన్ వెనక కట్టెలు ఆనడానికి బిగించిన పట్టె మీద సిద్దిరాములు చెయ్యి పెట్టాడు. వేళ్లు ఒక చోట ఆగాయి. రంద పట్టినా పోని మరక.

"బాలమల్లు కట్టె."

"ఆఁ. అవ్వ నీళ్ల పొయ్యిల పెట్టుమన్నది. నాకు మనసు రాలే."

"మిషన్ దించు జర. కరెంటు పెట్టకు. ఊకెనే."

కుమార్ పిడి పట్టి కిందికి వంచాడు. బ్లేడు మీది మూత తెరుచుకుంది. పైకి వదిలాడు. మూత టప్పున మూసుకుంది.

"మల్లొకసారి."

టప్.

"ఇంకొకసారి."

టప్.

"మంచిగ మూసుకుంటుంది," అన్నాడు సిద్దిరాములు. "ఆనాడు మూసుకోలే."

కుమార్ చెయ్యి పిడి మీదే ఉండిపోయింది.

"గా తీగె ఏది కొడుకా?"

షెడ్డు రేకుల మీద ఎండకు చిటచిట చప్పుడు.

"నేను చూడలేదనుకున్నవా? కూసుంటనే చూసిన. రెండు చుట్లు చుట్టి, కొసలు లోపటికి మలిచి ఉండె. గట్ల మలుచుడు నేనే నేర్పిన నీకు, గుచ్చుకోకుంట ఉండాలని."

"మరి విప్పకపోతివి బాపు."

"ఎందుకు విప్పుత? ఆరేండ్లు గదే పని చేసి వచ్చినోడు కట్టిండంటే ఏదో మతలబు ఉండే ఉంటదనుకున్న. విప్పితే నీ పని ఖరాబు చేసినట్టయితదేమోనని ముట్టలే." సిద్దిరాములు కర్రల మీద బరువు మార్చుకున్నాడు. "ఆటోల పడుకున్నప్పుడు గూడ నీ మీద కోపం రాలే నాకు. పని అన్నంక తప్పులు అయితయ్. నా చేతుల నీ బొటనవేలు నలగలేదా చిన్నప్పుడు. కరీంనగర్ల తొమ్మిది దినాలు నీ మొకం దిక్కే చూసుకుంట పండుకున్న. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని. నువ్వు పండ్లు తెచ్చినవ్. గోలీలు తెచ్చినవ్. ఇంటికొచ్చినంక మీ అవ్వ ఊరందరికి నాకు మిషన్ తెల్వదని చెప్తుంటే పక్కనే నిలబడి ఇన్నవ్. సరే, భయం అనుకున్న. ఇయ్యాల నా పసుపు, నా తువ్వాల గూడ నీ చేతుల పెడితే తీస్కున్నవ్."

"వాపస్ ఇచ్చొస్త బాపు. ఇప్పుడే పోయి కాకకు మొత్తం చెప్పొస్త."

"ఆకు తీస్కున్నంక వాపస్ ఇయ్యరు. గురువారం నువ్వే ఎత్తు. నన్ను బండి మీద కూసోబెట్టుకోని పో. నేను ఓ దిక్కు కూసోని చూస్త."

"బాపూ, నాతోని కాదు."

"చేత్తోని తీస్కుంటివి గదా. కాదంటే ఎట్ల?"

సిద్దిరాములు ఒక కర్ర బల్లకు ఆనించి, పైసొరుగు లాగాడు. ఏదో వెతకాలని కాదు, సొరుగు ఎట్లా జారుతుందో చూద్దామనే లాగాడు. లోపల తీగె ఉంది. దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టాడు.

"ఏం తీగె అది?"

అనసూర్య గుమ్మంలో నిలబడి ఉంది. రావొద్దంటే ఆగే మనిషి కాదు ఆమె. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఇద్దరికీ తెలియదు.

"కుమార్, నిన్నే. ఏం తీగెరా అది? నువ్వన్న చెప్పయ్యా."

"నన్నడుగుతవేంది," అన్నాడు సిద్దిరాములు, రెండో కర్ర చంకలో పెట్టుకుంటూ. "నేను మిషన్ తెల్వనోన్ని. తెల్సినోన్ని అడుగు."

ఆమె లోపలికి వచ్చింది. తీగెను చేతిలోకి తీసుకుంది. ఎండిన నలుపును గోటితో గీకి చూసింది. ఆ రోజు చీర ఉతికి ఉతికి వదలని మరక ఏ రంగులో ఎండిందో ఆమెకు బాగా తెలుసు. తెంపిన కొస మీద వేలు పెట్టింది. మిషన్ వైపు చూసింది. కొడుకు వైపు చూసింది.

"తాళం ఏసి వచ్చిన అంటివి గదరా," అంది.

కుమార్ తల ఎత్తలేదు. తలుపు చాటున నిలబడ్డ నవ్యశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అనసూర్య కొంగు కొస ముందుకు లాక్కుంది. పొద్దుటి నుంచి పట్టుకుని ఉన్న ముడి బిగుసుకుపోయింది, పళ్లతో లాగి విప్పింది. తాళంచెవి తీసి బల్ల మీద, తీగె పక్కన పెట్టింది.

"మిషన్ ఉండనియ్యి," అంది భర్తతో. "ఇంట్ల నుంచి పోవాల్సింది అది కాదు."